మూడు వేళ్ల బేరం

మే 21, ఆదివారం

బాపు మందను అమ్మేస్తానన్నాడు. నాలుగు పొట్టేళ్లనో, పళ్లూడిన ముసలి గొర్రెలనో కాదు. మొత్తం మందను.

పొద్దున దశరథ్ వచ్చాడు. నకిరేకల్ వైపు నుంచి ఊరూరూ తిరిగి గొర్రెలను కొనే బేరగాడు. దొడ్డి తడక మీద చేయి వేసి నిలబడి ముందు ఆకాశాన్ని చూశాడు, తర్వాత మందను చూశాడు.

"ఎండలు గిట్ల కొడ్తున్నయంటే ఆనలు గట్టిగనే పడ్తయ్ దుర్గన్నా. ఆనలు పడ్డంక ఏమొస్తదో నీకు నేను చెప్పాల్నా?"

బాపు నేల చూపులు చూశాడు.

"మల్ల మూతులు వాసినయనుకో, తోలు పైసలు గూడ రావు. నీ మంచికే చెప్తున్న. ఇయ్యాల అమ్మితే గొర్రెలు అమ్ముతవ్. ఆగస్టుల అమ్మితే పీనుగులు అమ్ముతవ్."

పోయిన వానాకాలం మూతివాపు రోగం వచ్చి మా మందలో సగం పోయింది. మూతి వాచేది, నాలుక నీలంగా మారేది, గొర్రె మేత ముట్టేది కాదు. బాపు ఒక్కోదాన్ని గుంతలో పూడ్చి వచ్చి గొంగడి కప్పుకుని గోడ వైపు తిరిగి పడుకునేవాడు. సూదులు వేయించుకున్న మందలు బతికాయి. మేము వేయించలేదు. ఎందుకు వేయించలేదో మా ఇంట్లో ఎవరూ మాట్లాడరు.

దశరథ్ పోయాక బాపు తన ఆలోచన అమ్మకు చెప్పాడు. మంద పైసలు బ్యాంకులో వేస్తాడట. తాను పట్నం పోయి ఏదైనా అపార్ట్‌మెంటులో వాచ్‌మన్‌గా చేరతాడట.

"నెల కాంగనే జీతం వస్తది. సచ్చుడు లేదు, ఈనుడు లేదు" అన్నాడు.

అమ్మ పొయ్యి దగ్గర నుంచి తల తిప్పలేదు. నేను మాత్రం ఆ మాట దగ్గరే ఆగిపోయాను. చావును చూడకుండా ఉండేందుకు పుట్టుక కూడా వద్దనుకుంటున్నాడు. తాను ఎంత పెద్ద మాట అన్నాడో బాపుకు తెలియదు. మరిచిపోతానేమోనని పరిగెత్తుకొచ్చి రాసుకున్నాను.

(మంజులత మేడం ఇంటర్‌లో మాకు తెలుగు చెప్పింది. డైరీ ఎట్లా రాయాలని అడిగితే, "నీ మాట పుస్తకంలో ఉన్నట్టు రాయి, మనుషుల మాటలు మాత్రం వాళ్ల నోటి నుంచి వచ్చినట్టే రాయి" అన్నది. అట్లాగే రాస్తున్నాను.)

మే 22

ఆశావాది. ఈ మాట ఇవాళే నేర్చుకున్నాను, ఇవాళే అయిపోయాను.

మే 24, బుధవారం

బాపుతో వాదించాను. గెలవలేదు, ఓడిపోనూ లేదు.

మిగిలిన గొర్రెలన్నీ రోగాన్ని దాటి వచ్చినవేనని చెప్పాను. చాలా వరకు సూడివి, దసరా లోపల ఈనుతాయి, కడుపులో పిల్లలున్న మందను భయపడి సగం ధరకు ఇవ్వడం ఏమి తెలివి అన్నాను. (సూడి. మనుషులకు వాడని మాట. కడుపుతో ఉన్న జీవానికి మాత్రమే వాడతారు. ఒక భాష గొర్రె కోసం ప్రత్యేకంగా ఒక మాట దాచిపెట్టడం నాకు ఎంత బాగుందో!)

"సూదులు వేయిద్దాం బాపూ. దొడ్ల వేపాకు పొగ పెడదాం. దోమలు కుట్టకుంటే రోగం రాదంట."

"సూడి గొర్రెకు సూది పడదు. ఈసుకపోతది."

"ఎవరన్నరు?"

"ఎవరో అనుడు గాదు, నేను జూసిన. నువ్వు నాలుగో తరగతిల ఉన్నప్పుడు క్యాంపు వెట్టిండ్రు. సూదులేసి ఇంటికి తెచ్చిన. వారం తిరగకముందే ఏడు గొర్రెలు ఈసుకపోయినయ్. చేతిల వడ్డయ్, బిడ్డా. వెంట్రుకలు గూడ రాలే."

ఇదన్నమాట. ఇన్నాళ్లూ మా ఇంట్లో ఎవరూ మాట్లాడనిది ఇదే. సూడి గొర్రెలు కడుపు పోగొట్టుకుంటాయనే భయంతో నిరుడు సూదులు వేయించలేదు. ఆ భయం వల్లే సగం మంద పోయింది. ఇప్పుడు ఆ పోయిన మంద వల్ల మిగిలిన మందను అమ్ముతున్నాడు. ఒక భయం ఇంకో భయాన్ని ఈనుతున్నది.

నేను లెక్కలు చెప్పబోయాను. బాపు చేయి అడ్డం పెట్టాడు.

"నువ్వు నోటితోని లెక్క జేస్తున్నవ్. నేను చేతులతోని పూడ్చిన."

 నాకు బదులు బాపు తల్లి, గుర్వమ్మ అవ్వ, మాట్లాడింది. ఆమె మోకాళ్లు వంగవు. మా ఊళ్లో ఆ వయసు వాళ్లెవరికీ వంగవు, ఫ్లోరైడ్ నీళ్లు అట్లాంటివి. అందుకని ఏ తిట్టయినా నిలబడే తిడుతుంది.

"బ్యాంకుల ఏస్తడట బ్యాంకుల! ఓ దుర్గా, గొర్రె ఏడాదికొక పిల్లను వెడ్తది. నీ బ్యాంకు పైస ఎన్నేండ్లకు ఈన్తది?"

"పైస సావదు గదనే అవ్వా."

"ఈననిది ఎందుకు సస్తదిరా!"

అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. బాపు కూడా నవ్వకుండా ఉండటానికి కష్టపడ్డాడు. చివరికి అన్నాడు: "మిరుగం నాడు దశరథ్ బండి తెస్తనన్నడు. గందాక ఆగుత. గంతల నీకు తోచింది జెయ్యి."

మిరుగం, అంటే మృగశిర కార్తె, జూన్ ఎనిమిదిన. రెండు వారాలు. చాలు.

మే 27, శనివారం

మంజులత మేడం ఫోన్ చేసింది. నాకు పట్నంలో ఆడపిల్లల కాలేజీలో సీటు వచ్చిందట. బీ.ఏ., తెలుగు సాహిత్యం. హాస్టల్ కూడా ఇస్తారట. ఫోన్‌లోనే మేడం గొంతు మారిపోయింది. "నీకంటే నాకే సంతోషంగ ఉందే" అన్నది. జూన్ 20 లోపల పోయి చేరాలట.

మంచిదే. కానీ దాని గురించి రాసే సమయం ఇది కాదు. ముందు మంద. ఇంట్లో చెప్పలేదు. బాపు తలమీద ఇప్పుడు ఇంకో బరువు పెట్టడం న్యాయం కాదు.

మే 28

హాస్టల్లో ఒక గదికి ఆరుగురట. ఆరుగురిలో ఎవరూ చదువుకోలేరు. ఇది భయం కాదు, ఆలోచన.

మే 30, మంగళవారం

అమ్మా నేనూ మర్రిగూడ పశువుల దవాఖానకు పోయాం. సతీశ్ సారు కొత్తగా వచ్చిన డాక్టర్. మేము చెప్పిందంతా విన్నాడు. ఏడు గొర్రెల సంగతి చెప్పినప్పుడు అమ్మ కండ్లు ఎర్రబడ్డాయి.

"క్యాంపు ఏ టైములో పెట్టారమ్మా?" అని అడిగాడు.

"ఎండపొద్దుల. నాలుగూర్ల మందలు ఒక్కకాడికి తెచ్చిండ్రు. తొక్కులాట సారూ, చెప్పలేము."

"గొర్రెను ఎట్లా పట్టుకున్నారు?"

అమ్మ చేతులతో చూపించింది. వెనక కాలు పట్టి లాగడం, పొట్ట కింద చేయి వేసి ఎత్తి పడేయడం. అందరూ అట్లాగే పడతారు. నేను కూడా అట్లాగే పడతాను.

సారు ఇంకోసారి చూపించమన్నాడు. తర్వాత చెప్పాడు: సూది వల్ల కాదమ్మా, ఆ పట్టుకోవడం వల్ల పోయి ఉంటాయి. ఎండలో తొక్కిసలాట, పొట్ట మీద దెబ్బ. నెలలు నిండబోయేవి ఉంటే వాటిని విడిచిపెడదాం, మిగిలిన వాటికి చల్లపొద్దున వేద్దాం. నేనే మీ దొడ్డికి వస్తాను.

దారిలో అమ్మ ఒక్కటే అన్నది: "మీ నాయినకు ఎట్ల చెప్పాలె? ఆయన చేతులే అని ఎట్ల చెప్పాలె?"

చెప్పాం. ఎట్లా చెప్పామో రాయను. బాపు లేచి దొడ్డిలోకి పోయి చాలాసేపు గొర్రెల మధ్య కూర్చున్నాడు.

జూన్ 1

హాస్టల్ అన్నంలో సోడా వేస్తారట. ఎవరు చెప్పారో గుర్తులేదు. అయినా తెలుగు నేర్చుకోవడానికి పట్నం దాకా ఎందుకు? అవ్వ ఒక్క పూటలో తిట్టే తిట్లకే నా జీవితం సరిపోతుంది. దేవరకొండలో కూడా డిగ్రీ ఉంది. రోజూ బస్సులో పోయి రావచ్చు. మందను చూసుకోవచ్చు. ఆశావాది అంటే కలలు కనేవాడు కాదు, ఉన్నచోటే మంచిని చూసేవాడు.

జూన్ 2, శుక్రవారం

సూదులు పడ్డాయి!

పొద్దు పొడవక ముందే సతీశ్ సారు బండి మీద వచ్చాడు. ఒక్కో గొర్రెను అమ్మ మెడ దగ్గర పట్టి, నేను వెనక నుంచి మోకాలు ఆనించి, మెల్లగా తడక పక్కకు తెచ్చాం. పెళ్లికూతురిని పీటల మీదికి తెచ్చినట్టు. అవ్వ ప్రతి గొర్రె మూతి దగ్గర వంగలేక వంగి, "ఏం గాదే, చీమ కుట్టినట్టు అయితది, నీ కంటే నా మనుమరాలే ఎక్కువ ఏడ్సింది చిన్నప్పుడు" అని చెప్పింది. సారు నవ్వుతూనే వేశాడు.

బాపు లోపలికి రాలేదు. బయట రాతి మీద అటు తిరిగి కూర్చున్నాడు. సగం అయ్యాక ఒక గొర్రె తప్పించుకుని తడక దూకి బయటపడింది. నేను దాని వెంట పడబోయాను.

"ఉరకకు! ఉరికితే అది గూడ ఉర్కుతది!" అని బాపు లేచాడు. నాలుక మీద చిన్న చప్పుడు చేస్తూ ఎదురుగా పోయాడు. గొర్రె ఆగింది. గడ్డం కింద ఒక చేయి, తోక దగ్గర ఒక చేయి. పొట్టను ముట్టలేదు. అట్లాగే నడిపించుకుంటూ తెచ్చి సారు ముందు నిలబెట్టాడు. సూది వేస్తుంటే కండ్లు మూసుకున్నాడు. గొర్రె మూసుకోలేదు.

తర్వాత మిగిలిన వాటన్నిటినీ బాపే తెచ్చాడు.

ఇవాళ నాకు ఎంత ధైర్యంగా ఉందంటే, ఈ ఊళ్లో ఉన్న భయాలన్నిటినీ వరుసగా నిలబెట్టి సూదులు వేయగలను.

జూన్ 4, ఆదివారం

నాకు కోపం లేదు.

సూదులు వేశాక ఒకటి రెండు రోజులు ఒళ్లు వెచ్చబడుతుందని సారు ముందే చెప్పాడు. నిన్న మంద డీలాగా ఉంది. రెండు మేత ముట్టలేదు. బాపు వాటి మూతులు పట్టుకుని చూస్తూనే ఉన్నాడు. ఇవాళ నేను నీళ్ల ట్యాంకు దగ్గరికి పోయి వచ్చేసరికి దశరథ్ వచ్చిపోయాడు. బాపు మంద మీద బయానా పైసలు తీసుకున్నాడు. ప్రతి గొర్రె వీపు మీద ఎర్ర రంగు గీత.

బయానా తీసుకుంటే మాట అయిపోయినట్టు. వెనక్కి పోవాలంటే తీసుకున్నదానికి రెండింతలు కట్టాలి. మా దగ్గర ఒక్కింత కూడా లేదు. మిరుగం నాడు బండి వస్తుంది.

నాకు కోపం లేదు. బాపును అడిగాను, అంతే.

"గంత దూరం వచ్చినంక ఎందుకు బాపూ?"

"అవి మేస్తలేవు బిడ్డా" అన్నాడు. చిన్న పిల్లవాడు చెప్పినట్టు చెప్పాడు.

నాకు కోపం లేదు.

జూన్ 5

అన్నీ మేస్తున్నాయి. అన్నీ. ఎర్ర గీతలతో.

జూన్ 6, మంగళవారం

ఇవాళ జరిగింది ఎట్లా రాయాలో తెలియడం లేదు. జరిగినట్టే రాస్తాను.

బాపు గొర్రెల వెంట పోయాడు. నేను వాకిట్లో కూర్చుని అమ్మకూ అవ్వకూ ఉపన్యాసం ఇస్తున్నాను. భయం మనల్ని ఎట్లా ఆడిస్తుందో, మంచి జరుగుతుందని నమ్మడానికి ఎంత ధైర్యం కావాలో చెబుతున్నాను. బాగా చెబుతున్నానని నాకే అనిపించింది.

అవ్వ తమలపాకు నములుతూ అన్నది: "నీకు పట్నంల సీటొచ్చిందట గద?"



"మీ మేడం నాకు ఫోన్ చేసింది" అన్నది అమ్మ. "నాలుగు దినాలైతాంది. నువ్వే చెప్తవేమోనని సూస్తున్న. చెప్తలేవు."

"మంద సంగతి తేలాలె గదా అమ్మా..."

"మందకూ నీకూ ఏంది?"

"హాస్టల్ల ఆరుగురు..."

"మనింట్ల పండేది నలుగురం, పిల్లితోని అయిదుగురం" అన్నది అవ్వ. "ఇంకేంది?"

"అన్నంల సోడా..."

"ఇంకేంది?"

ఇంకేమీ మిగలలేదు. అప్పుడు చెప్పాను. నిరుడు వ్యాసరచన పోటీకి పట్నం పోయినప్పుడు జరిగింది. ఇక్కడ కూడా ఎప్పుడూ రాయలేదు. నాకు రెండో బహుమతి వచ్చింది. వేదిక మీద ఫోటో తీస్తుంటే నవ్వాను. కిందికి దిగాక ఒక అమ్మాయి, చెడ్డ అమ్మాయి కాదు, మామూలుగానే అడిగింది: "నువ్వు బ్రష్ చేసుకోవా?" ఆ ఫోటోను నేను ఇంటికి తేలేదు. పండ్ల మీద మా ఊరి నీళ్ల మరకలు తోమితే పోవు. ఇక్కడ అందరికీ ఉంటాయి, ఎవరూ చూడరు. అక్కడ మూడేళ్లు నోటికి చేయి అడ్డం పెట్టుకుని తెలుగు సాహిత్యం చదవాలా?

అమ్మ నా పక్కకు వచ్చి కూర్చుంది. అవ్వ చాలాసేపు నమిలి, ఊసి వచ్చి అన్నది:

"మల్ల ఎవరన్న అడిగితే మర్రిగూడ నీళ్లు ఏసిన ముద్ర అని చెప్పు. గవర్నమెంటు ముద్ర లెక్క, దొంగది కాదని. గియ్యాల్టి నుంచి మీ నాయిన భయం గురించి మాట్లాడేటప్పుడు జర నోరు సంబాళించుకో. నువ్వు ఆయన బిడ్డవే."

రాసింది మళ్లీ చదివాను. మే 28. జూన్ 1. ఎంత బాగా రాశానో, ఎంత అబద్ధం రాశానో! మంచి వాక్యం నిజం కాకుండా కూడా ఉండగలదని నాకు తెలియదు.

జూన్ 7, బుధవారం

పొద్దున దొడ్డి ఊడుస్తున్నాను. బాపు వచ్చి తడక పక్కన నిలబడ్డాడు. రాత్రి అమ్మ ఆయనకు అంతా చెప్పిందని ముఖం చూస్తేనే అర్థమయింది.

"పొర్క కింద వెట్టి ఇటు దా" అన్నాడు.

పోయాను. భుజం మీది తువ్వాలు తీసి తన కుడిచేయి మీద కప్పుకున్నాడు. "చెయ్యి వెట్టు."

సంతలో జీవాల బేరం ఇట్లాగే జరుగుతుంది. కొనేవాడూ అమ్మేవాడూ తువ్వాల కింద చేతులు కలిపి, వేళ్లు నొక్కి ధర చెప్పుకుంటారు. చుట్టూ ఎంతమంది ఉన్నా వాళ్ల ముఖాలు తప్ప ఏమీ కనిపించవు. ఆడవాళ్లు ఆ తువ్వాల కింద చేయి పెట్టడం నేను చూడలేదు.

"ఎవ్వరు లేరు గద బాపూ, తువ్వాలెందుకు?"

"గొర్రెలున్నయ్. వాటికి తెల్వద్దు."

చేయి పెట్టాను. బాపు అరచేయి గొర్రె ఉన్నిలాగా జిడ్డుగా, వెచ్చగా ఉంది.

"నువ్వు మందను ఉంచుమంటున్నవ్. ఉంచుత. దశరథ్ తోని నేను జూసుకుంట. ఊకె ఉంచ. నా భయం, నా బుగులు నేను మింగాల్నంటే నీది నువ్వు మింగాలె. చెప్పు, సరేనా?"

"ఎంత?" అన్నాను.

మూడు వేళ్లు నొక్కాడు. మూడేండ్లు. పట్నంలో.

నేను రెండు వేళ్లను మడిచేసి ఒక్కటే ఉంచాను. ఒక ఏడాది పోయి చూస్తాను అని.

"ఏడాదికి గొర్రెనే తేలదు, నీ సదువేం తేల్తది?" అని మళ్లీ మూడూ తెరిచి నొక్కాడు, ఈసారి గట్టిగా.

"పండుగ పండుగకు ఇంటికొస్త."

"రా. ఎవరొద్దన్నరు?"

"రెండో సూది వేయించాలె. వేపాకు పొగ రోజు పెట్టాలె. నాకు చెప్పకుండ ఎవరి దగ్గర బయానా తీస్కోవద్దు."

"సరే."

"బేరం తప్పితే?"

"ఎవరు తప్పినా రెండింతలు. నువ్వు తప్పితే ఆరేండ్లు సదవాలె."

నాకు నవ్వు వచ్చింది. చేయి తువ్వాల కింద ఉంది కాబట్టి నోటికి అడ్డం పెట్టుకోవడానికి వీలు లేదు. బాపు నా ముఖాన్నే చూస్తున్నాడు. మూడు వేళ్లూ ఒకసారి ఊపి విడిచిపెట్టాడు.

జూన్ 8, గురువారం. మిరుగం.

వాన లేదు. మబ్బు కూడా లేదు. బండి వచ్చింది.

దశరథ్ దిగీ దిగకముందే బాపు చెప్పేశాడు. దశరథ్ మొదట నమ్మలేదు, తర్వాత నవ్వాడు, ఆ తర్వాత నా వైపు చూశాడు.

"బిడ్డ మాట ఇన్నవా దుర్గన్నా? సదువుకున్న పిల్లలు మంచిగనే చెప్తరు. వాసేది వాళ్ల మూతులు గాదు గద! ఆగస్టుల నువ్వు ఫోన్ చేస్తవ్. అప్పుడు నేను ఎత్త."

"ఎత్తకు నాయినా" అన్నది అవ్వ. "మేము చేస్తె గదా నువ్వు ఎత్తేది."

"రెండింతలు?"

బాపు దసరాకు మేపుతున్న రెండు పొట్టేళ్లను తోలుకొచ్చాడు. అవి మా మందలో బలమైనవి. ఏడాది ఖర్చులకు మేము నమ్ముకున్నవి. దశరథ్ వాటి వీపులు తడిమి, నడుములు నొక్కి చూశాడు. తీసుకున్నదానికి రెండింతలకు పైనే ఉంటాయి. ఆయన ముఖంలో అది తెలుస్తూనే ఉంది. అయినా బండి ఎక్కేముందు ఆగి అన్నాడు:

"రంగు పోవాల్నని కిరసనాయిలు రాయకుండ్రి. తోలు పొక్కుతది. ఊకుంటే అదే పోతది."

చెడ్డవాడు కాదు. ఆయన బతుకు భయపడేవాళ్ల మీద నడుస్తుంది, అంతే.

బండి పోయాక బాపు కాసేపు రాతి మీద కూర్చున్నాడు. చెంబెడు నీళ్లు తాగి, కర్ర పట్టుకుని మందను తోలుకుపోయాడు. మనం సరిగ్గా చేశామా అని నన్ను అడగలేదు. అడిగితే చెప్పడానికి నా దగ్గర కూడా ఏమీ లేదు. నమ్మకం ఉంది. నమ్మకం జవాబు కాదని ఇప్పుడు తెలుసు. అయినా అది ఉంది, బాగా ఉంది, పొద్దుటి ఆకలిలాగా ఉంది.

జూన్ 14

వాన లేదు. రెండో సూది ఎప్పుడని బాపే అడిగాడు. నేను చెప్పేలోపల తానే చెప్పాడు.

జూన్ 19, సోమవారం

రేపు అమ్మ నన్ను దించి వస్తుంది. మందను విడిచి బాపు రాలేడు. పెట్టె సర్దడం అయిపోయింది. మేడం పాత నిఘంటువు ఒకటి పంపింది, అట్ట లేనిది. బట్టల కంటే అదే బరువు. అవ్వ దాన్ని ఎత్తి చూసి, "గిన్ని మాటలు ఎవరు మాట్లాడుతరే?" అన్నది. నేను అన్నాను. "నువ్వే" అని.

జూన్ 21

ఆరుగురం కాదు, ఎనిమిది మందిమి.

జూన్ 27

అన్నంలో సోడా లేదు. పప్పులో పప్పు కూడా లేదు.

కోస్గి నుంచి వచ్చిన మల్లిక నా పక్క మంచం. వాళ్లు జొన్న, కంది వేస్తారట. నిన్న ఆమె నా పండ్లను చూసింది. చూడటం నేను చూశాను. అవ్వ చెప్పిన మాట నోటి దాకా వచ్చింది కానీ ఆమె అడగలేదు. పల్లీలు ఇచ్చింది. రెండు చేతులతో ఒలవాలి కాబట్టి ఇద్దరం మామూలుగా మాట్లాడుకున్నాం.

జూలై 3

రెండో సూది అయిపోయింది. ఒక్క గొర్రె కూడా ఈసుకపోలేదు. బాపు ఫోన్‌లో మూడుసార్లు చెప్పాడు.

జూలై 20, గురువారం

మూడు రోజులుగా ముసురు. మా వైపు కూడా అట్లాగే ఉందట. కిటికీ దగ్గర నిలబడితే అందరికీ వాన కనిపిస్తుంది, నాకు దోమలు కనిపిస్తున్నాయి.

జూలై 26, బుధవారం

పొద్దున ఏడు గంటలకు బాపు ఫోన్ చేశాడు. ఆ వేళకు ఆయన ఎప్పుడూ చేయడు. ఎత్తకముందే తెలిసిపోయింది.

"వచ్చింది బిడ్డా" అన్నాడు.

ఊళ్లోకి మూతివాపు వచ్చింది. మా పక్క దొడ్డి భీమయ్య పెదనాన్న మందలో ఇప్పటికే నాలుగు పోయాయట. ఆయన సూదులు వేయించలేదు. మా దాంట్లో ఒకటి నిన్న సాయంత్రం నుంచి మేత ముట్టడం లేదు, మూతి కొంచెం వాచింది. సతీశ్ సారు వచ్చి చూశాడట. సూది పడిన గొర్రె కాబట్టి తట్టుకోవచ్చు అన్నాడట. తట్టుకుంటుంది అనలేదు, తట్టుకోవచ్చు అన్నాడు. బాపు ఆ మాటను సరిగ్గా అట్లాగే చెప్పాడు.

"మిగిలినయి?"

"మేస్తున్నయ్. ఇప్పటికైతే మేస్తున్నయ్. దాన్ని యేరుగ కట్టేసిన. అంబలి తాపుతున్న. అవ్వ దాని కాడనే కూసుంది, లెవ్వుమంటే లేస్తలేదు."

"భీమయ్య పెదనాన్న?"

"దశరథ్‌కు ఫోన్ చేసిండు. ఎంతకైనా సరే కొండవొమ్మన్నడు. నేను పోయి ఆపిన. ఆయన తిట్టిండు, 'నీకేం, నీయి సూదులేసినయి' అని. రోగం తగలని గొర్రెలు ఇంక సగానికెక్కువ ఉన్నయి ఆయన దాంట్ల. వాటిని యేరు జేద్దాం, సారును పిలుద్దాం, నేనే వట్టుకుంట అన్న. ఇప్పుడు ఆడికే పోతున్న."

నేను మంచం మీద కూర్చుండిపోయాను. నా చేయి దానంతట అదే సంచి వైపు పోయింది. పదకొండు గంటల బస్సు ఎక్కితే సాయంత్రానికి ఊళ్లో ఉంటాను. దేవరకొండలో సీట్లు ఇంకా ఉండవచ్చు. ఇంటికి అవసరం ఉంది. ఈసారి నిజంగానే ఉంది. ఎంత మంచి కారణం! ఇంత మంచి కారణం నాకు ఇంతవరకు దొరకలేదు.

"బాపూ, నేను రావాల్నా?"



"నువ్వొచ్చి ఏం జేస్తవ్ బిడ్డా? వాసింది ఒక్కదానికే, దాని మూతి పట్టుకునేటోడు ఒకడు సాలు. నీకేముందియ్యాల?"

ఇవాళ పది గంటలకు మా క్లాసులో ఒక్కొక్కరు లేచి తమ ఊరి గురించి ఐదు నిమిషాలు మాట్లాడాలి. వారం కింద చెప్పారు. నా పేరు మొదటే ఉంది. వారం నుంచి రాస్తున్నాను, కొట్టేస్తున్నాను. అందరి ముందు నిలబడి నోరు తెరిచి ఐదు నిమిషాలు మాట్లాడటం. బాపుకు ఇదంతా చెప్పలేదు. ఇంతకుముందు అయితే "ఏం లేదు బాపూ, మామూలే" అనేదాన్ని.

"అందరి ముందల మాట్లాడాలె. బుగులైతాంది బాపూ" అన్నాను.

"నాకు గూడ" అన్నాడు.

 అంతలో ఎవరో గొర్రెలను అదిలించే చప్పుడు వినిపించింది. బాపు భీమయ్య పెదనాన్న దొడ్డి దగ్గరికి చేరినట్టున్నాడు.

"ఇగో, వచ్చిన. మాపటికి ఫోన్ జెయ్యి. ఎవరిది ఎట్లయిందో చెప్పుకుందాం" అని పెట్టేశాడు.

సంచిని మంచం కిందికి తోశాను. మల్లిక తల దువ్వుకుంటూ అడిగింది, ఏం మాట్లాడుతావని. రాసిన కాగితం మా ఊరిని ఎప్పుడూ చూడనివాళ్లు రాసినట్టుంది, దాన్ని పక్కన పెట్టాను. మా ఊళ్లో గొర్రెలను ఆస్తి అనరు, జీవాలు అంటారు. అక్కడి నుంచి మొదలుపెడతాను. మిగిలింది నిలబడ్డాక వస్తుంది.

తొమ్మిదిన్నర అయింది. పోతున్నాను.